ఊరూరా తిరిగే డెవలపర్ కాన్ఫరెన్స్‌లో వర్క్‌షాప్ చెప్పబోతున్నారా? బ్యాగు సర్దే ముందు ఇది చదవండి

విశాఖపట్నంలో మొదలై విజయనగరం, రాజాం, ఎచ్చెర్ల, టెక్కలి అంటూ రోజుకో కాలేజీ చొప్పున తిరిగే డెవలపర్ కాన్ఫరెన్స్‌లో మీకో వర్క్‌షాప్ అప్పగించారనుకుందాం. టాక్ అయితే పెద్ద గొడవ లేదు, స్లైడ్లు వేసుకుని అరగంట మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. వర్క్‌షాప్‌లో మీరెంత బాగా మాట్లాడారో ఎవరికీ అక్కర్లేదు, సాయంత్రం కాలేజీ బస్సెక్కేలోపు ఆ పిల్లలు రాసిన ప్రోగ్రాం వాళ్ళ లాప్‌టాప్‌లో నడిచిందా లేదా, అంతే. పైగా ఇది ఒక్కరోజుతో పోయే పని కాదు. ఇవాళ ఏసీ సెమినార్ హాల్లో చెప్పిన పాఠమే రేపు పాత సీపీయూలున్న ల్యాబ్‌లో, ఎల్లుండి నాలుగే ప్లగ్ పాయింట్లున్న ఆడిటోరియంలో చెప్పాలి.

అందుకే నేనైతే తయారీ అంతా ఒకే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేయమంటాను. ఆఖరి బెంచీలో కూర్చున్న, ఛార్జర్ పీకితే ఆగిపోయే పాత లాప్‌టాప్ ఉన్న, చెయ్యెత్తి అడగడానికి మొహమాటపడే సెకండియర్ విద్యార్థి. ఆ అబ్బాయికో అమ్మాయికో పని జరిగితే ముందు బెంచీల వాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు. ఉదాహరణలన్నీ పైథాన్‌తో చెప్తున్నాను, మీది జావాస్క్రిప్ట్ అయినా ఇంకోటైనా తిప్పలు ఇంచుమించు ఇవే.

ఫోన్ చేయాల్సింది ల్యాబ్ అసిస్టెంట్‌కి

కోఆర్డినేటర్‌ని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్, మీరు వచ్చేయండి చాలు" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన దాకా వచ్చిన సమాచారం అంతే. అసలు సంగతి తెలిసింది ల్యాబ్ అసిస్టెంట్‌కి, లేదా ల్యాబ్‌లో ఎక్కువగా పడి ఉండే థర్డియర్ కుర్రాడికి. వాళ్ళ నంబర్ అడిగి తీసుకోండి. కూర్చునేది ల్యాబ్ సిస్టమ్స్ ముందా, పిల్లలు సొంత లాప్‌టాప్‌లు తెచ్చుకుంటారా? విండోస్ అయితే ఏ విండోస్? ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, ఆ రోజు ఆయన సెలవు పెడితే ఎలా? ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ ఉందా, పాత వీజీఏ కేబులేనా? ఈ చివరి ప్రశ్నకి జవాబు ఏదొచ్చినా సరే, కన్వర్టర్ మాత్రం బ్యాగులో పడేయండి.

ల్యాబ్ సిస్టమ్స్ అయితే ఇంకోటి తప్పకుండా అడగాలి: డీప్ ఫ్రీజ్ లాంటిది ఏమైనా వేసి ఉందా అని. అది ఉంటే సిస్టమ్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ పాత స్థితికి వెళ్ళిపోతుంది. ముందు రోజు సాయంత్రం కష్టపడి మీరు ఎక్కించినవన్నీ పొద్దున్నకి మాయం. అంతకంటే దారుణం, మధ్యలో ఒక్క సెకను కరెంటు పోతే పిల్లలు గంటన్నరగా రాసిందంతా పోతుంది. ఫ్రీజ్ చేయని డ్రైవ్ ఏదైనా ఉందేమో కనుక్కుని, ఫైళ్ళు అక్కడే సేవ్ చేయించండి. లేకపోతే ఎవరి పెన్‌డ్రైవ్ వాళ్ళు తెచ్చుకోవాలని ముందే చెప్పించండి.

హాలు వీడియో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి, స్టేజి మీద నుంచి కాదు, ఆఖరి వరుసలో నిలబడి తీయమనండి. స్క్రీన్ ఎంత చిన్నగా కనిపిస్తుందో, కిటికీ వెలుతురు నేరుగా దాని మీద పడుతోందో లేదో, ప్లగ్ పాయింట్లు గోడకే ఉన్నాయో బెంచీల దగ్గరా ఉన్నాయో అందులో తెలిసిపోతుంది. గోడకి మాత్రమే ఉంటే ఎక్స్‌టెన్షన్ బోర్డులు కావాలి. కాలేజీ వాళ్ళు ఇస్తామన్నా సొంతంగా రెండు తీసుకెళ్ళడం మంచిది.

ఆ రోజు కాలేజీ బస్సు ఎన్నింటికి కదులుతుందో కూడా ఇప్పుడే కనుక్కోండి. మన జిల్లాల్లో డే స్కాలర్లు చాలామంది ముప్పై నలభై కిలోమీటర్ల అవతల పల్లెల నుంచి వస్తారు, ఆ బస్సు తప్పితే ఇల్లు చేరడం గగనం. నాలుగున్నరకి బస్సు అంటే నాలుగింటికే సగం హాలు బ్యాగులు సర్దుకోవడం మొదలెడుతుంది. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు, మీ పాఠమే మూడున్నరకి అయిపోయేలా చూసుకోండి.

నెట్ లేదనే అనుకోండి

కాలేజీలో వైఫై ఉంటుంది. బాగానే ఉంటుంది కూడా, అరవై మంది ఒకేసారి ఒకే ఫైల్ దించుకోబోయే దాకా. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఎడిటర్, పైథాన్, రెండు మూడు లైబ్రరీలు కలిపి ఒక్కొక్కరికి 400 ఎంబీ అనుకుంటే అరవై మందికి 24 జీబీ. 20 ఎంబీపీఎస్ లైన్ నిజంగా పూర్తి వేగం ఇచ్చినా అదంతా దిగడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. మీ సెషనే మూడు గంటలు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి గట్టెక్కిద్దామంటే డేటా సంగతి తర్వాత, అన్ని లాప్‌టాప్‌లు కలవవు. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ అయితే ఎనిమిది పరికరాల దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి అన్నీ మీ వెంటే వెళ్ళాలి. రెండు మామూలు వైఫై రౌటర్లు తీసుకోండి, వాటికి ఇంటర్నెట్ కనెక్షన్ అక్కర్లేదు. మీ లాప్‌టాప్‌లో ఫైళ్ళున్న ఫోల్డర్‌లోకి వెళ్ళి పైథాన్‌తోనే వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్‌ని 8000 పోర్టులో నడిపితే, ఆ రౌటర్‌కి కలిసిన ప్రతివాళ్ళూ బోర్డు మీద మీరు రాసిన ఐపీ అడ్రస్, దాని చివర :8000 కొట్టి బ్రౌజర్‌లోనే ఫైళ్ళు దించుకోవచ్చు. మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది, కంగారులో క్యాన్సిల్ కొడితే మీకు పేజీ తెరుచుకుంటుంది కానీ హాల్లో ఎవరికీ తెరుచుకోదు. ఇది ఇంట్లో రెండో లాప్‌టాప్‌తో చూసుకుని రావాల్సిన పని. రెండు రౌటర్లూ ఒకే ఛానెల్‌లో ఉంటే ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి ఛానెల్ 1, ఇంకోటి ఛానెల్ 11 పెట్టండి. కాలేజీ నెట్‌వర్క్ మీదే ఇదంతా చేయొచ్చు కదా అంటారేమో, చాలా చోట్ల భద్రత కోసం ఒక లాప్‌టాప్‌కి పక్క లాప్‌టాప్ కనిపించకుండా సెట్టింగ్ పెట్టి ఉంచుతారు. అక్కడ ఈ పప్పులు ఉడకవు.

రౌటర్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లు కూడా ఓ పది పెట్టుకోండి, ఏదైనా 4 జీబీ దాటిన ఫైల్ ఉంటే ఎఫ్ఏటీ32 ఒప్పుకోదు కనుక ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ల్యాబ్‌లు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్ వైరస్ ఉందనే అనుకోవాలి. నేరుగా తర్వాతి ఊరికి పట్టుకుపోయి పంచితే ఒక కాలేజీ జబ్బు ఇంకో కాలేజీకి మీరే మోసినట్టు. ప్రతి మజిలీ తర్వాత ఫార్మాట్ చేసి, మీ దగ్గరున్న అసలు కాపీ నుంచి మళ్ళీ ఎక్కించండి.

లైబ్రరీల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. పైథాన్ లైబ్రరీలు ఎక్కించే పిప్‌లో డౌన్‌లోడ్ అనే కమాండ్ ఉంది, కావలసిన ప్యాకేజీలు, అవి ఆధారపడేవి అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించుతుంది. తర్వాత ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ అనే రెండు ఆప్షన్లు ఇస్తే నెట్ వైపు చూడకుండా ఆ ఫోల్డర్ నుంచే తీసుకుంటుంది. అయితే మీరు మ్యాక్‌లోనో ఉబుంటూలోనో మామూలుగా దించేస్తే విండోస్‌కి పనికిరాని ఫైళ్ళు రావచ్చు, పైథాన్ వెర్షన్ తేడా ఉన్నా అంతే. కాబట్టి విండోస్ మెషీన్ మీద, పిల్లలకి ఇవ్వబోయే పైథాన్ వెర్షన్‌తోనే దించండి. వెర్షన్ నంబర్లన్నీ ఫైల్లో రాసి బిగించేయండి, టూర్ అయ్యేదాకా కొత్త వెర్షన్ వచ్చినా ముట్టుకోవద్దు. విజయనగరంలో నడిచిన కోడు టెక్కలిలోనూ అలాగే నడవాలి.

కొన్ని ల్యాబ్‌ల్లో ఇప్పటికీ విండోస్ 7 తగలొచ్చు. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు, 3.8 ఆఖరిది. ఆ ఇన్‌స్టాలర్, దానికి సరిపడే లైబ్రరీలు విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, మీ ఉదాహరణల్లో 3.8 తర్వాత వచ్చినవి వాడకుండా చూసుకోండి, 3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ లాంటివి. మొదటిసారి కోడ్ రాసేవాళ్ళకి ఎలాగూ వాటితో పనిలేదు. అసలు మీది బొత్తిగా మొదటి మెట్టు పాఠమైతే థానీ అనే ఎడిటర్ చూడండి, పైథాన్ దాని లోపలే వస్తుంది, పైథాన్ ఎక్కడుందో విండోస్‌కి చెప్పే పాత్ గొడవలుండవు. వీఎస్ కోడ్ గొప్పదే, కాదనను, కానీ అందులో ఎడమవైపు ఉన్న బొమ్మలన్నీ ఏమిటో చెప్పేసరికే పది నిమిషాలు పోతాయి.

బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్ ఉందిగా, ఇదంతా ఎందుకు అనేవాళ్ళుంటారు. నెట్ బలంగా ఉన్న చోట నిజమే. కానీ దానికి లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకి ఓటీపీ రావాలి, ఓటీపీ వచ్చే నంబర్ నాన్న ఫోన్‌లో ఉంటుంది, ఆయన పొలంలో ఉంటారు. ఇంకో మెలిక, కాలేజీ మొత్తం బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపించే చోట బయటి ఏపీఐలు, అంటే మన ప్రోగ్రాం వేరే సర్వర్‌ని సమాచారం అడిగే దారులు, వాడించేటప్పుడు పరిమితులు చూసుకోండి. గిట్‌హబ్ ఏపీఐ లాగిన్ లేకుండా ఒక ఐపీకి గంటకి 60 రిక్వెస్టులే ఇస్తుంది. అరవై మంది తలా ఒకసారి నొక్కితే గంట కోటా ఖతం, రెండోసారి నొక్కినవాళ్ళకి ఎర్రర్. ఏపీఐ చెప్పాలనుకుంటే అదే సమాచారం ఇచ్చే చిన్న సర్వర్ మీ లాప్‌టాప్‌లోనే పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక, ఇంట్లో ఎవరిదైనా మామూలు విండోస్ లాప్‌టాప్ అడిగి తీసుకుని, నెట్ ఆపేసి, మొదటి అడుగు నుంచి చివరి దాకా చేసి చూడండి. మీ లాప్‌టాప్ మీద చేస్తే అది పరీక్ష కిందికి రాదు, అందులో ఎప్పుడో ఎక్కించినవన్నీ ఉంటాయి.

పాఠం కోయండి, మళ్ళీ కోయండి

మూడు గంటల స్లాటు అంటే మూడు గంటలు దొరకవు. జ్యోతి ప్రజ్వలన ఉంటుంది, ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు, ముఖ్య అతిథి ఇంకాస్త ఎక్కువ మాట్లాడతారు, శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు. చేతికి రెండు గంటలొస్తే సంతోషించాలి. అందుకని పాఠాన్ని ముక్కలుగా చేసి, ఏ ముక్క తీసేసినా మిగతాది నిలబడేలా రాసుకోండి. గంట ఆలస్యమైతే ఏది వదిలేయాలో ఇంటి దగ్గరే నిర్ణయించి నోట్సులో గుర్తు పెట్టుకోవాలి, స్టేజి మీద నిలబడి ఆలోచిస్తే ఏదీ వదలబుద్ధి కాదు, అన్నీ గబగబా చెప్పేస్తాం. అలా చెప్పిన వర్క్‌షాప్ టాక్ అయిపోతుంది.

ప్రతి ముక్కలోనూ మీరు మాట్లాడేది పది నిమిషాలు దాటకూడదు, ఆ తర్వాత వాళ్ళ చేతులే కదలాలి. స్లైడ్ల మీద కోడ్ పెట్టడం నాకు నచ్చదు. అందరి ముందూ టైప్ చేయండి, వరుస వరుసకీ నోటితో చదువుతూ. టైపింగ్ మీ వేగాన్ని పట్టి ఉంచుతుంది, లేకపోతే మనకి తెలిసిన విషయం కదా, పరిగెత్తేస్తాం. ఫాంటు మీకు అసహ్యంగా కనిపించేంత పెద్దది చేయండి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టండి. మీకిష్టమైన నల్ల థీమ్ పాత ప్రొజెక్టర్ మీద బూడిదరంగు మసకలా ఉంటుంది. స్క్రీన్ కింది మూడో వంతులో కోడ్ రాకుండా చూసుకోండి, వెనక వరుసలకి ముందున్న తలలే కనిపిస్తాయి.

ఉదాహరణలు ఆ ఊరివై ఉంటే పిల్లలు వెంటనే పట్టుకుంటారు, ఈ పని ఖర్చు లేనిది. లిస్టు గురించి చెప్పాలి అనుకోండి. శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం అని ప్యాసింజర్ ఆగే పెద్ద స్టేషన్లతో లిస్టు రాయండి. రన్ కొట్టేముందు ఆగి, ఇండెక్స్ 1 ప్రింట్ చేస్తే ఏ స్టేషన్ వస్తుంది అని అడగండి. సగం మంది శ్రీకాకుళం రోడ్డు అంటారు, సగం మంది పొందూరు అంటారు, కాసేపు వాదించుకోనివ్వండి. రన్ కొట్టాక పొందూరు వస్తుంది, సున్నా నుంచి లెక్క మొదలవుతుందని ఇక మీరు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. టెక్కలి దాకా వెళ్ళారంటే హాల్లో పలాస పిల్లలుంటారు, వాళ్ళకి జీడిపప్పు గ్రేడ్లు తెలుసు. డబ్ల్యూ 180, 240, 320 అంటారే, ఆ అంకె ఒక పౌను తూకానికి సుమారుగా ఎన్ని పప్పులొస్తాయో చెప్తుంది, అంకె చిన్నదైతే పప్పు పెద్దది. పెద్ద పప్పు ముందు వచ్చేలా సార్ట్ చేయండి అనండి. రివర్స్ పెట్టాలా వద్దా అన్న దగ్గర మళ్ళీ వాదన మొదలవుతుంది, మీకు కావలసింది అదే.

తెలుగు అక్షరాలతో డేటా ఇస్తే ఇంకా సరదాగా ఉంటుంది, కాకపోతే ఒక గుంట ఉంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచిన పద్ధతి, చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ సాధారణంగా విండోస్ పాత పద్ధతి పట్టుకుని పిచ్చి గుర్తులు చూపిస్తుంది, లేదా మొరాయిస్తుంది. యూటీఎఫ్-8 అని ఓపెన్‌లోనే రాయించండి. ఆ డేటా ఉన్న సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసి ఉంటే ఫైల్ మొదట్లో కంటికి కనిపించని గుర్తొకటి చేరుతుంది, దానివల్ల మొదటి కాలమ్ పేరు ఎంత సరిగ్గా రాసినా దొరకదు. అప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే సరిపోతుంది.

కరెంటు పోతే చేయడానికి ఒక అభ్యాసం కాగితం మీద ఉండాలి. పార్సన్స్ ప్రాబ్లమ్స్ అని ఒక పద్ధతి ఉంది, న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ అనే ఇద్దరు టీచర్లు 2006లో రాశారు. సరైన ప్రోగ్రాంలోని వరుసల్ని కలగాపులగం చేసి ఇస్తారు, విద్యార్థి వాటిని సరైన క్రమంలో పేర్చాలి. జిరాక్స్ తీయించి, వరుసల్ని కత్తిరించి, కవర్లలో పెట్టుకుంటే చాలు. జనరేటర్ స్టార్ట్ అయి ప్రొజెక్టర్ మళ్ళీ వెలిగేదాకా హాలంతా పని చేస్తూనే ఉంటుంది. నిజం చెప్పాలంటే కరెంటు ఉన్నప్పుడు కూడా ఇది కీబోర్డు అభ్యాసం కంటే బాగా పండుతుంది.

"అర్థమైందా?" అని అడక్కండి

అడిగితే "అర్థమైంది సార్" అని హాలంతా ఒకే గొంతుతో వస్తుంది. దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వర్క్‌షాపుల్లో ఒక చిట్కా వాడతారు, మన దగ్గర అతికినట్టు సరిపోతుంది. ప్రతి ఒక్కరికీ రెండు రంగుల స్టిక్కీ కాగితాలిస్తారు. పని అయిపోతే ఆకుపచ్చది, ఇరుక్కుపోతే ఎర్రది లాప్‌టాప్ మూత మీద అంటిస్తారు. చెయ్యెత్తడానికి సిగ్గుపడేవాళ్ళు కాగితం అంటించడానికి సిగ్గుపడరు, పైగా సాయం వచ్చేదాకా చెయ్యి ఎత్తి ఉంచక్కర్లేదు, ఈలోపు వాళ్ళే ఏదో ప్రయత్నిస్తుంటారు. మీరు ముందు నిలబడి చూస్తే హాలు పరిస్థితి ఒక్క చూపులో తెలుస్తుంది.

ఎర్ర కాగితాల దగ్గరికి వెళ్ళడానికి ఒక్కరు చాలరు. ఎనిమిది పది మందికి ఒక సహాయకుడు ఉండాలని నా లెక్క. బయటి నుంచి తీసుకురావక్కర్లేదు, ఆ కాలేజీ సీనియర్లనే అడగండి, ముందు రోజు సాయంత్రం ఓ గంట కూర్చోబెట్టి పాఠమంతా చేయించండి. టీ, సమోసాలు మీ ఖర్చు. వాళ్ళకి ఒకే ఒక్క నియమం పెట్టండి, జూనియర్ కీబోర్డు ముట్టుకోకూడదు, వేలితో చూపించాలి, నోటితో చెప్పాలి. మొదటి పావుగంటలోనే ఎవడో ఒకడు లాప్‌టాప్ లాక్కుని టకటకా కొట్టేస్తాడు, నెమ్మదిగా "తమ్ముడూ, చేతులు వెనక్కి" అనండి. అమ్మాయిలు కూర్చున్న వరుసలకి అమ్మాయిలు సహాయకులుగా ఉంటే ప్రశ్నలు ఎక్కువ వస్తాయి, కోఆర్డినేటర్‌తో ఈ మాట ముందే అనుకోండి.

"ఇదేటో ఎర్రగా వచ్చేసింది సార్" అనే పిలుపులు ఏ ఊళ్ళోనైనా పదిహేను రకాలు దాటవు. వాటికి జవాబులు ఒక పేజీ మీద రాసి సహాయకులకి ఇవ్వండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్‌కి చేర్చే టిక్కు పెట్టకపోతే పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, అప్పుడు పీవై అని కొట్టి చూడమనండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైల్ చివర కనిపించకుండా టీఎక్స్‌టీ చేరిపోతుంది, కాబట్టి ఎక్స్‌టెన్షన్లు కనిపించే సెట్టింగ్ మొదట్లోనే పెట్టించండి. ర్యాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటూ ఫైల్‌కి కూడా ర్యాండమ్ అనే పేరు పెడతారు, పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి వాళ్ళ ఫైల్‌నే పట్టుకుంటుంది. టర్టిల్‌తోనూ ఇదే కథ. వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళిపోయిన డెస్క్‌టాప్, వాట్సాప్ నుంచి కాపీ చేసిన కోడ్‌లో వంకర కోట్లు, ట్యాబ్, స్పేస్ కలిసిపోయిన ఇండెంటేషన్. ఎర్రర్ వచ్చినప్పుడు ఆఖరి వరుస ముందు చదవమని, పైకి వెళ్తూ లైన్ నంబర్ వెతకమని అందరి ముందూ ఒకసారి చేసి చూపించండి. మీరే కావాలని ఒక కోలన్ తీసేసి ఎర్రర్ తెప్పించండి, అది చూశాక పిల్లలకి టెన్షన్ సగం తగ్గుతుంది.

ఏ భాషలో చెప్పాలన్న దాని మీద పెద్ద చర్చ అనవసరం. తెలుగులో చెప్పండి, ఫంక్షన్‌ని ఫంక్షన్ అనే అనండి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ పిల్లలు హాల్లో ఉంటే మాత్రం వయసు గమనించండి. అక్కడ పదో తరగతి అవగానే ఆరేళ్ళ కోర్సులో చేరతారు, పక్క కాలేజీ ఫైనలియర్ పక్కన పదహారేళ్ళ పిల్ల కూర్చుని ఉండొచ్చు, ఆ పిల్లే ముందు ముగించేయొచ్చు కూడా. అలాంటివాళ్ళ కోసం అదనపు లెక్కలు రెండు ఉంచుకోండి.

దారి, తేదీలు

మీరు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకి కొత్తవారైతే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ శ్రీకాకుళంలో లేదు. అది ఆమదాలవలసలో ఉంది, దిగి ఊళ్ళోకి ఆటోనో బస్సో పట్టుకోవాలి. ఎచ్చెర్లకైతే విశాఖ నుంచి హైవే మీద బస్సే సుఖం, శ్రీకాకుళం ఇంకా రాకముందే తగులుతుంది. రాజాంకి రైలు లేదు, రోడ్డే గతి. టెక్కలికి మెయిన్ లైన్‌లో దగ్గరి స్టేషన్ నౌపడ. విజయనగరంలో మాత్రం స్టేషన్ ఊళ్ళోనే ఉంటుంది. రౌటర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, పెన్‌డ్రైవ్‌ల పెట్టెతో ప్రయాణం కాబట్టి ముందు రోజు సాయంత్రానికే తర్వాతి ఊరు చేరిపోండి, పొద్దున్న బస్సు నమ్ముకుని తొమ్మిదింటికి హాల్లో ఉండాలనుకోవడం తెలివైన పని కాదు.

తేదీలు నిర్వాహకులే ఖాయం చేస్తారు, అయినా మీ మాట వింటారనుకుంటే రెండు చెప్పండి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రెండు మూడు రోజులు ఊళ్ళో గది దొరకదు, బండి కదలదు. రథసప్తమికి అరసవల్లి వల్ల శ్రీకాకుళం కూడా అంతే. అక్టోబర్ నెల మొత్తానికే కాస్త ఆలోచించాల్సింది: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. ఆ నెలలో పెట్టక తప్పకపోతే మధ్యలో ఒక ఖాళీ రోజు వదలమనండి. మిడ్ పరీక్షల తేదీలు ప్రతి కాలేజీకీ విడిగా అడగాలి, అటానమస్ కాలేజీల క్యాలెండర్ పక్క కాలేజీతో కలవదు.

రెండు ఊళ్ళ మధ్య

టూర్‌లో ఉన్న లాభం ఒక్కటే, అదే పాఠం మళ్ళీ చెప్పే అవకాశం వెంటనే వస్తుంది. దాన్ని వాడుకోవాలంటే హాలు ఖాళీ అయిన గంటలోపు నోట్సు రాయాలి. ఎక్కడ ఎర్ర కాగితాలు ఎక్కువ లేచాయి, ఏ ముక్క అనుకున్నదానికంటే ఎంత ఎక్కువ పట్టింది, ఎవరూ నవ్వని జోకు ఏది. రాత్రికి లాడ్జికి చేరి భోంచేశాక రాద్దామంటే గుర్తుండదు. ఇక మార్పులు చేసేటప్పుడు చేతులు కట్టుకోండి. అలసిపోయి ఉన్న రాత్రి పూట పాఠం మొత్తం తిరగరాస్తే రేపు పొద్దున్న చెప్పేది ఎవరూ పరీక్షించని కొత్త వర్క్‌షాప్. ఎక్కువమంది ఆగిపోయిన ఒక్క చోటే సరిచేయండి. ఏ ఊళ్ళో ఏ రూపం వాడారో, ఫైళ్ళలో మార్పుల్ని గుర్తుంచే గిట్‌లో ట్యాగ్ పెట్టి ఉంచితే, తర్వాత ఎవరైనా పిల్లలు "సార్, నాకొచ్చిన ఫైల్లో ఇలా లేదు" అని మెసేజ్ పెట్టినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

గొంతు కాపాడుకోండి. కాలర్ మైక్ ఇస్తే తీసుకోండి, "నాకు అక్కర్లేదు, గట్టిగానే మాట్లాడతా" అనేవాళ్ళు మూడో ఊరికి సైగలతో చెప్తుంటారు. మీతో పాటు తిరిగే ఇంకో వక్తకి మీ పాఠం అప్పగించగలిగేలా నోట్సు ఉండాలి, జ్వరం ముందు చెప్పి రాదు. ఇద్దరూ ఒకరి వర్క్‌షాప్‌లో ఒకరు సహాయకులుగా కూర్చుంటే అది దానంతటదే జరిగిపోతుంది.

వెళ్ళేముందు మొత్తం ఫైళ్ళ కాపీ ఒకటి ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర పెట్టండి, ఆ రోజు రాలేనివాళ్ళు తర్వాత అడిగేది ఆయన్నే. సర్టిఫికెట్ల విషయం మీది కాదు, నిర్వాహకులది. కానీ "సర్టిఫికెట్ ఇస్తారా సార్" అని మిమ్మల్నే అడుగుతారు కాబట్టి ఎప్పుడు, ఎలా ఇస్తారో కనుక్కుని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేస్తే పాఠం మధ్యలో ఆ ప్రశ్న రాదు. మీ ప్రయాణ ఖర్చుల బిల్లుకి బస్సు టికెట్లు పారేయకుండా కవర్లో దాచండి. ఆటోకి టికెట్ ఉండదు కదా, నోట్లివ్వకుండా ఫోన్‌పేలో కొట్టండి, కాలేజీ అకౌంట్స్ వాళ్ళకి ఆ స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు.